అపోండి పేర తీసిన రక్తం

ఆ మధ్యాహ్నం క్లినిక్‌లో పని తొందరగానే తెమిలిపోయింది. ఆఖరి విజిట్లు. వచ్చిన ఆడవాళ్ళు రక్తమిచ్చి, బిస్కెట్ పొట్లం అందుకుని, వాన పడకముందే ఇల్లు చేరాలని గబగబా వెళ్ళిపోయారు. నర్సు రిస్పా బల్ల తుడిచింది. వాడిన సూదుల డబ్బా మూత బిగించింది. కిటికీలోంచి చూస్తే సరస్సు మీద మబ్బు, నెలలు నిండిన ఆవులా బరువుగా కదులుతోంది. ఒడ్డున ఎండబెట్టిన ఒమెనా చేపల్ని ఆడవాళ్ళు పాత వలలతో సహా చుట్టి ఎత్తుకుంటున్నారు. వెండిరంగు చేపపిల్లల నీచువాసన గాలితో పాటు గదిలోకొచ్చి కూర్చుంది.

అక్కడ జరుగుతున్నది ఒక కొత్త సూదిమందు పరీక్ష. ఎయిడ్స్ అంటుకోకుండా ఆడవాళ్ళకు నెలకోసారి ఇచ్చే మందు. సగం మందికి మందు, సగం మందికి ఉప్పునీళ్ళు. ఎవరికేది పడుతోందో ఇచ్చే నర్సుకూ తెలియదు, పుచ్చుకునే మనిషికీ తెలియదు. మగవాణ్ణి తొడుగు తొడుక్కోమని ఒప్పించడం కంటే ఆడదాని ఒంట్లో సూది దించడం తేలికని పెద్ద పెద్ద బుర్రలన్నీ కలిసి తేల్చాయి. ఆ లెక్క తప్పని చెప్పగలిగిన ఆడది ఆ ఒడ్డున ఒక్కతీ లేదు.

పిండిమరకు పోతున్నానని ఒకతి, చేపలు తేవడానికని ఒకతి, ప్రార్థనకని మరొకతి... మొగుళ్ళకు ఏదో ఒకటి చెప్పి వచ్చేవాళ్ళు. సూది సంగతి బయటపడితే "నీకు అది దేనికే, ఎవడి దగ్గరికి పోతున్నావు?" అనే ప్రశ్న మొదట వస్తుంది, ఆ వెనకే చెయ్యి వస్తుంది. అందుకే క్లినిక్‌లో ఒక కట్టడి ఉండేది. రావడం మానేసిన మనిషిని వెతకాలంటే, ఆ ఊరిదే అయిన ఆయా జెరూసా ఒక్కతే వెళ్ళాలి. మామూలు బట్టల్లో, తలమీద బుట్టతో, చుట్టపుచూపుగా. ప్రాజెక్టు బండి ఎవరి వాకిట్లోనూ ఆగకూడదు.

కిందటి వారం ఆగింది. తనిఖీకి వచ్చేవాళ్ళ తేదీ ముంచుకొస్తోందని డాక్టర్ ఒడేరా తొందరపెట్టాడు. జెరూసాకు జ్వరం. "బండేసుకుని పోయి అడిగిరండి సిస్టర్, ఒక్కరోజుకు ఏం మునిగిపోతుంది" అన్నాడు. రావడం మానేసిన అపోండి ఇంటికి రిస్పా తెల్ల ఏప్రన్‌తోనే బండెక్కింది. అపోండి మొగుడు ఒయుగి వాకిట్లో వల కుట్టుకుంటున్నాడు. "అపోండి ఉందా? ఆఖరి సూదికి రాలేదు" అని అతన్నే అడిగింది. గుమ్మంలోకొచ్చిన అపోండి ఆమెను ఒక్క చూపు చూసింది. తిట్టనైనా తిట్టకుండా లోపలికి వెళ్ళిపోయింది.

ఆఖరి రక్తానికి ఇవాళే గడువు. అపోండి రాలేదు.

ఆఖరి రక్తాలు ఒక్కటి తగ్గినా లెక్క చెల్లదని, లెక్క చెల్లకపోతే ప్రాజెక్టు మూటాముల్లె సర్దుకుని ఇంకో ఒడ్డుకు పోతుందని అందరికీ తెలుసు. పోతే రిస్పాకు ఉద్యోగం పోతుంది. అది పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు. ఆమె భయం వేరే. కడుపులో ఉన్న బిడ్డ. ఇంతకుముందు వచ్చిన కడుపులన్నీ నాలుగో నెల దాటకుండానే జారిపోయాయి. ప్రభుత్వాసుపత్రిలో ఒక్క మంచం మీద ఇద్దరేసి, ఒకరి నెత్తురులో ఒకరు పడుకుని పోగొట్టుకున్నవి. ఈసారి ప్రాజెక్టు వాళ్ళ మంచి స్కానింగ్ మిషనూ, మంచి డాక్టరూ చేతికందే దూరంలో ఉండగా ఈ బిడ్డ నిలవాలి. ఆమె ఎవరికీ చెప్పలేదు. అత్తగారికి మాత్రం తెలుసు.

వాన మొదలైంది. రేకుల మీద రాళ్ళు కుమ్మరించినట్టు. గదంతా చీకటి కమ్మింది.

రక్తాల పెట్టె పట్టుకుపోయే మోటారుసైకిలు కుర్రాడు అరుగు మీద నిలబడి, "సిస్టర్, ఇంకెంతసేపు? రోడ్డు మునుగుతుంది" అని కేకేశాడు.

"ఒక్క నిమిషం ఉండు నాయనా. ఒకటి మిగిలింది" అంది.

లోపలికొచ్చి తలుపు వేసుకుంది. రబ్బరు పట్టీ ఒక కొస పళ్ళతో పట్టుకుని తన ఎడమచేతికి బిగించింది. అలవాటైన చెయ్యి, సూది ఒక్కసారికే నరంలోకి దిగింది. గొట్టం నిండింది. వెచ్చగా ఉంది. దాని మీద అపోండి నంబరు చీటీ అంటించింది. ఎవరికీ నష్టం లేదనుకుంది. రేపోమాపో ఆ పిల్ల తనే వస్తుంది, అప్పుడు సర్దుకోవచ్చు.

పెట్టె వెళ్ళిపోయింది. మోటారుసైకిలు చప్పుడు వానలో కలిసింది. అంతలో కరెంటు పోయింది.

టార్చి కోసం సొరుగు తడుముతుంటే బయటి గదిలో బల్ల కిర్రుమంది. ఆడవాళ్ళు వరస కోసం కూర్చునే బల్ల. బరువు పడితేనే అలా మూలుగుతుంది.

"ఎవరది?"

రేకుల మీద వాన మాత్రం. చేపల నీచువాసనతో ఇంకేదో కలిసింది. అడుగు బురద కదిపితే వచ్చే వాసన... మగ్గిన నాచు వాసన.

రిస్పా టార్చి వేసింది. బల్ల చివర అపోండి కూర్చుని ఉంది. లెసో గుడ్డ తలమీంచి కప్పుకుంది. నీళ్ళు కారుతున్నాయి.

రిస్పాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. దానితోపాటు కోపమూ వచ్చింది. "ఇంతసేపు ఎక్కడ చచ్చావే? పొద్దుటినుంచి గుమ్మానికి కళ్ళు అతికించుకుని కూర్చున్నాను నీకోసం. తడిసి ముద్దయ్యావు. రా, లోపలికి రా."

"పడవ దొరకలేదు సిస్టర్" అంది అపోండి. బొంగురుగా, గుసగుసగా.

"ఊళ్ళో ఉన్నదానికి పడవేమిటే?"

అపోండి లేచి వచ్చి కుర్చీలో కూర్చుని, మోచెయ్యి బల్లమీద పరిచింది. ఎప్పుడూ అలాగే పరుస్తుంది. వచ్చిన ప్రతిసారీ "కాస్త నెమ్మదిగా సిస్టర్, కోడిని కోసినట్టు కొయ్యకండి" అని నవ్వించేది. ఇవాళ ఏమీ అనలేదు.

నీ రక్తమే తీస్తాను, ల్యాబులో ఆ పెట్టె మూత తెరవకముందే ఫోను చేసి ఏదో ఒకటి చెప్పి మార్పిస్తాను... అనుకుంటూ రిస్పా ఆ చెయ్యి పట్టుకుంది. వదిలెయ్యబోయి ఆగింది. అంత చల్లగా ఉంది.

సూది దించింది. ఏమీ రాలేదు.

కొంచెం కదిపింది. రాలేదు.

"రెండో చెయ్యి ఇవ్వు." రబ్బరు పట్టీ విప్పింది. "పొద్దున్నించి ఏమన్నా తాగావా? ఒంట్లో నీళ్ళు లేకపోతే నరాలు చిక్కవు."

"తాగాను సిస్టర్. చాలా తాగాను."

రెండో చెయ్యి. సూది దిగింది. ఈసారి గొట్టంలోకి వచ్చింది... నెమ్మదిగా... రంగు లేకుండా. మబ్బు నీళ్ళు. టార్చి వెలుగులో ఆ నీళ్ళలో సన్నటి ఆకుపచ్చ నలుసులు తిరిగాయి.

రిస్పా సూది లాగేసింది. ఎన్నో చేతులు పొడిచింది. ఎన్నడూ ఇలాంటిది చూడలేదు.

"నా నంబరు పిలిచారా సిస్టర్?"

"పిలిచాను..."

"ఎవరో పలికారు. నేను దారిలో ఉండగానే. నా చోట్లో ఎవరో కూర్చున్నారు."

"అపోండీ... నా మాట విను..."

"పర్లేదు సిస్టర్." తల ఎత్తింది. లెసో కింద ముఖం ఉబ్బి ఉంది. కళ్ళు మూసి ఉన్నాయి. మూసిన కళ్ళతోనే చూస్తోంది. "ఎక్కడో ఒకచోట కూర్చోవాలిగా. నేను మీ చోట్లో కూర్చుంటాను."

టార్చి ఆరిపోయింది.

ఎవరో తలుపు బాదుతున్నారు. రిస్పా గోడకు ఆనుకుని ఎంతసేపు నిలబడిందో ఆమెకు తెలియదు. తలుపు తీస్తే జెరూసా. గోనెసంచి నెత్తిన కప్పుకుని, చేతిలో లాంతరుతో, ఒగురుస్తూ.

"ఇంకా ఇక్కడే ఉన్నావా అమ్మా? ఇంటికి పోలేదేం?" అని లోపలికొచ్చి సంచి విదిలించి, గొంతు తగ్గించింది. "అపోండి కోసం ఇక చూడకు. పడవలవాళ్ళు నాచులో చూశారట. నిన్ననే ఒడ్డుకు లాగారు. ఇవాళ పొద్దున్న గుట్టుచప్పుడు కాకుండా పాతిపెట్టేశాడు ఆ ముండాకొడుకు ఒయుగి. కాలుజారి పడిందని చెబుతున్నాడు. నీళ్ళలో పుట్టి నీళ్ళలో పెరిగిన పిల్ల, కాలుజారిందట."

రిస్పా తలుపు గడియ వేసింది.

"వాళ్ళ వాకిట్లో బండి ఆగిన రాత్రి అరుపులు వినిపించాయంటున్నారు ఇరుగుపొరుగు. తెల్లారి ఆ పిల్ల ఎవరికీ కనబడలేదు" అంది జెరూసా. ఎవరినీ ఏమీ అనలేదు. ఆ తరువాత చుట్టూ చూసింది. "అదేంటి, నీ కుర్చీ అంత తడిసింది?"

తడిసింది అపోండి కూర్చున్న కుర్చీ కాదు. అది పొడిగా ఉంది. బల్లకు ఇవతల, నర్సు కూర్చునే కుర్చీ సీటు నిండా నీళ్ళు నిలిచి ఉన్నాయి.

నిజం చెప్పెయ్యాలని రిస్పా చాలాసార్లు అనుకుంది. తనిఖీవాళ్ళు వచ్చారు, మెచ్చుకున్నారు, వెళ్ళారు. ప్రాజెక్టు నిలిచింది. ఆ సంతోషంలో డాక్టర్ ఒడేరా ఆమె గదిలోకి తొంగిచూసి, "సిస్టర్, ఆఖరివాళ్ళలో ఒకామె కడుపుతో ఉందని వచ్చింది" అని నంబరు చదివాడు. ఆయనకు పేర్లు తెలియవు. నంబరు ఒక్కటే ఆయనకు మనిషి. "రూలు తెలుసుగా. కానుపు అయ్యేదాకా ఆమెను మనమే చూసుకోవాలి. నెల నెలా రక్తం పంపండి."

తొందరలో రిస్పా మర్చిపోయిన సంగతి అది. ఆఖరి రక్తంలో కడుపు ఉందో లేదో కూడా చూస్తారు.

"చచ్చినదానికి కానుపెలా చేస్తావమ్మా?" అంది జెరూసా, సంగతి తెలిశాక. అది ఎకసెక్కం కూడా కాదు, నిజంగానే అడిగింది.

"అప్పుడు చూద్దాం."

"అప్పటికి నీకూ నెలలు నిండుతాయి. ఇద్దరు తల్లులు, ఒక్క కడుపు. నాకిది బాగోలేదు. ఒడేరాకు చెప్పెయ్యి."

"చెబితే రేపే మూసేస్తారు. నా బిడ్డ పోతుంది జెరూసా."

జెరూసా బుట్ట ఎత్తుకుంది. బిడ్డ అన్న మాట దగ్గర ఆ ఊళ్ళో ఏ ఆడదైనా నోరు మూసుకుంటుంది.

కాబట్టి నెలనెలా రిస్పా తలుపు వేసుకుని తన చెయ్యి తనే పొడుచుకుంది. ఆ నంబరుతో వెళ్ళిన రక్తం ప్రతిసారీ బంగారంలా ఉందని వచ్చేది. తల్లి క్షేమం, బిడ్డ క్షేమం. ఒకసారి మాత్రం అత్తగారి పోరు పడలేక పెద్దాసుపత్రికి పోయి, తన సొంత పేరుతో ఇచ్చింది. అక్కడి ల్యాబ్ కుర్రాడు గొట్టం పట్టుకుని బయటికొచ్చాడు.

"ఇది ఇప్పుడే తీశారా అక్కా?"

"నీ ముందే కదా తీశారు."

"పాడైపోయింది. అచ్చు శవం దగ్గర తీసినట్టుంది." అని, తన మాటకు తనే నొచ్చుకుని నవ్వాడు. "గొట్టంలోనే ఏదో తేడా ఉండుంటుంది. ఇంకోసారి ఇవ్వండి."

ఆమె ఇవ్వలేదు. ఇంటికి వచ్చేసింది. నాలుగో నెల దాటింది. అయిదు, ఆరు దాటాయి. బిడ్డ కడుపులో తన్నుతోంది. ఇంకేం కావాలి? ఎవరి పేర బతికితేనేం, బతికితే చాలనుకుంది. అంతమంది ఆడవాళ్ళు తమవి కాని పేర్లతో, మొగుడి పేరుతో, కొడుకు పేరుతో పిలిపించుకుంటూ బతికెయ్యడం లేదా?

కానీ అప్పుడప్పుడూ... క్లినిక్‌లో బల్లముందు కూర్చున్న ఆడవాళ్ళు ఆమెను చూడకుండా, ఆమె వెనకెవరో ఉన్నట్టు పక్కకు చూసి మాట్లాడేవాళ్ళు. డాక్టర్ తలుపు తీసి, "సిస్టర్ లేదా?" అనేవాడు. ఆమె ఎదురుగా నిలబడి ఉండగానే. "ఇక్కడే ఉన్నాను సార్" అంటే ఉలిక్కిపడి, "ఓ... చూసుకోలేదు" అనేవాడు.

నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. బరువుంది, రంగుంది, పది వేళ్ళూ ఉన్నాయి. ఆసుపత్రిలో అందరూ బాగుందన్నారు. అదే రోజు జెరూసా అపోండి నంబరుకు సుఖప్రసవమైందని క్లినిక్‌లో రాయించింది.

పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. ఆగలేదు. రొమ్ము నోట్లో పెడితే మొహం తిప్పుకుంటుంది. చెంచాతో పట్టిన పాలు బయటికి కక్కుతుంది. డాక్టర్లు చెవులు చూశారు, గొంతు చూశారు, పొట్ట నొక్కారు. ఏమీ లేదన్నారు. ఇంటికి తెచ్చేసరికి ఏడుపు సన్నబడింది. నడినెత్తి మీది మెత్తటిచోటు లోపలికి గుంటపడింది. అది ఎండిపోతున్న బిడ్డ గుర్తని రిస్పాకు చదివి తెలుసు. ఇలాంటివాళ్ళు ఎందరు దక్కారో, ఎందరు దక్కలేదో కళ్ళారా చూసీ తెలుసు.

"దీనికి జబ్బేమీ లేదు. పోయినవాళ్ళెవరో తమ పేరు పెట్టమని అడుగుతున్నారు" అంది అత్తగారు.

పొద్దున్నే ఇంటి ఆడవాళ్ళంతా వచ్చి చాపలమీద కూర్చున్నారు. కళ్ళు సరిగా కనబడని ముసలి సబీనా అవ్వ, రిస్పా మామగారి తల్లి, గోడకు ఆనుకుని కూర్చుంది. పిల్ల అత్తగారి ఒళ్ళో ఉంది. వాకిట్లో ఎండ బాగా కాస్తోంది.

"వరసగా పిలవండే" అంది అవ్వ. "పోయినవాళ్ళ పేర్లే పిలవండి. పోయినవాళ్ళే అడుగుతారు. బతికున్నవాళ్ళకేం, వాళ్ళ పేరు వాళ్ళ దగ్గరే ఉంది. ఎవరి పేరు దగ్గర పిల్ల నోరు మూస్తే, వాళ్ళే వచ్చినట్టు."

పిలిచారు. మామగారి అక్క పేరు. పురిట్లో పోయిన పెదమామగారి భార్య పేరు. మిడతల కరువులో పోయిన ముత్తవ్వ పేరు. రిస్పా తల్లి పేరు. ఒక్కో పేరుకూ అందరూ ఊపిరి బిగబట్టి చూడటం, పిల్ల ఏడవడం. తోడికోడలు ఒకతి, "అత్తయ్య సవతి పేరు కూడా పిలవండి, బతికున్నప్పుడూ పిలవని పేరంటానికే వచ్చేది" అంది. ఎవరో నవ్వారు. పిలిచారు. పిల్ల ఏడ్చింది.

పేర్లు అయిపోయాయి. ఏడుపు పిల్లి కూన మూలుగులా మారింది. మధ్యలో ఆగుతోంది. ఆ ఆగడం ఊపిరి కోసం. ఒక్కోసారి ఆ ఊపిరి ఆలస్యంగా వస్తోంది.

ఏ పేరు పిలవాలో రిస్పాకు మొదటినుంచీ తెలుసు. పళ్ళమధ్య బిగబట్టి కూర్చుంది. ఆ పేరు పెడితే పిల్ల బతుకుతుంది. బతికి ఆ పేరుగలదానిదవుతుంది. జీవితమంతా తన ఇంట్లో తిరుగుతూ, తన చేతి అన్నం తింటూ, ఒక రోజు తల ఎత్తి తనను అడుగుతుంది... అడగనీ. బతికుంటేనే కదా అడిగేది.

"అపోండి" అంది.

అందరూ ఆమెవైపు తిరిగారు. "అపోండి ఎవరు? మన వంశంలో..." అంటోంది అత్తగారు.

పిల్ల గుక్కపట్టింది. ఒళ్ళు విల్లులా వంచి, నల్లబడి, ఇంకా గట్టిగా ఏడ్చింది.

రిస్పా పిల్లవైపు జరిగింది. ఆ పేరు కాకపోతే ఇంకెవరు? ఇక ఎవరున్నారు?

సబీనా అవ్వ అలసటగా మోకాళ్ళమీద చేతులు ఆన్చుకుంది. ఎండ కళ్ళలో పడుతోందేమో, చెయ్యి అడ్డం పెట్టుకుంది. "రిస్పా, ఆ తలుపు కాస్త దగ్గరగా వెయ్యవే తల్లీ."

పిల్ల ఏడుపు ఆపేసింది.

అత్తగారు పిల్లమీదికి వంగి చూసింది. బయట ఎవరో రోట్లో మొక్కజొన్న దంచుతున్నారు. ఆ దంపుడు ఒక్కటే.

"అవ్వా..." తోడికోడలు ముసలామె భుజం పట్టుకుంది. "ఇంకోసారి... పిలువు."

అవ్వ పిల్లవైపు ముఖం తిప్పి, మెల్లగా అంది. "రిస్పా..."

పిల్ల నిట్టూర్చింది. పెద్దవాళ్ళలాగా. నోరు తెరిచి అటూఇటూ పాలకోసం వెతికింది.

"నేను... నేను ఇక్కడే ఉన్నాగా" అంది రిస్పా. రవిక ముడి విప్పుకుంటూ పిల్లకోసం చేతులు చాచింది. "ఇలా ఇవ్వండి. ఆకలేస్తోంది దానికి. ఇవ్వండి అత్తయ్యా."

అత్తగారు పిల్లను గుండెకు అదుముకుంది. ఆమె కళ్ళలో భయం లేదు. కోపమూ లేదు. వాకిట్లోకి కొత్త మనిషి ఎవరైనా వస్తే ఆ ఇంటి ఆడవాళ్ళు చూసే మర్యాదైన చూపు.

"ఎవరింటి పిల్లవమ్మా నువ్వు?" అంది.

మిగతా ఆడవాళ్ళు కాస్త సర్దుకుని, దారినపోయేవాళ్ళు దాహానికి వస్తే కూర్చోబెట్టే చోట, గుమ్మం పక్కన, ఆమెకు చాపమీద జాగా ఇచ్చారు.